సున్నా పాయింటు మూడు ఏడు ఐదు అనగా ఆరణాలు

కోటబొమ్మాళి బజారులో కూరగాయలమ్మే ఒకావిడ ముందు ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది. వంకాయలు పళ్లెంలో పడగానే దాని మీద ఎర్రటి అంకెలు 0.750 అని వెలుగుతాయి. ఆవిడ వాటి వైపు ఓరకంట చూసి, "ముప్పావు ఉన్నాయి బాబూ, ఇంకో నాలుగేసి కేజీ సేసీమంటావేటి?" అని అడుగుతుంది. రెప్పపాటులో అయిపోయిన ఈ పనిని బడి పుస్తకం భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. ఆవిడ దశాంశ బిందువును తొలగించింది. బిందువు తర్వాత మూడు స్థానాలున్నాయి గనక హారంలో 1000 వేసింది. 750కీ 1000కీ గరిష్ఠ సామాన్య భాజకం 250 అని కనిపెట్టి, లవాన్నీ హారాన్నీ దాంతో భాగించి, 3/4 అనే కనిష్ఠ రూపం సాధించింది. ఆపైన దాన్ని కేజీ ధరతో గుణించి, మిగిలిన చిల్లర కూడా చేతిలో పెట్టింది. ఇంత పని చేశావమ్మా అని ఎవరైనా ఆవిడతో అంటే, తూకంలో ఏదో మోసం పట్టుకున్నారనుకుని దెబ్బలాటకు దిగే ప్రమాదం ఉంది.

కోటబొమ్మాళి అంటే 2023 నుంచి రాష్ట్రమంతటికీ పోలీసు స్టేషనే గుర్తొస్తోంది, సినిమా పుణ్యమా అని. అంతకు ముందు కొత్తమ్మతల్లి జాతర గుర్తొచ్చేది. మద్రాసు నుంచి హౌరా వెళ్లే రైల్లో కూర్చున్నవాళ్లకైతే అది పలాస జీడిపప్పు దగ్గర పడుతోందని చెప్పే స్టేషను. లెక్కల్లో ఆ ఊరికి ప్రత్యేకమైన కీర్తేమీ లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ బజారుకెళ్లినా ఇదే విద్య, ఇదే వేగం.

ఆ బజారుకు నాలుగు వీధుల అవతల, ఈ వ్యాసకర్త మేనత్తగారింట్లో, అదే పని ఇంకోలా జరుగుతుంది. అక్కడ ఎనిమిదో తరగతి మనవడొకడు నోట్సు ముందేసుకుని కూర్చుంటాడు. ప్రశ్న: 0.375ను భిన్నంగా మార్చి కనిష్ఠ రూపంలో రాయుము. వాడు 375/1000 అని రాస్తాడు. అయిదో ఎక్కంతో కొడితే 75/200. మళ్లీ అయిదో ఎక్కంతో కొడితే 15/40. ఇంకోసారి కొడితే 3/8. ఈ మూడు దెబ్బలకీ పెన్సిలు ముక్కు విరుగుతుంది, రబ్బరు మాయమవుతుంది, రెండుసార్లు మంచినీళ్ల దాహం వేస్తుంది. ట్యూషను మాస్టారేమో యూక్లిడ్ పద్ధతిలో గ.సా.భా కట్టమంటాడు. వెయ్యిలోంచి రెండు 375లు పోతే 250, 375లోంచి 250 పోతే 125, 250లో 125 సరిగ్గా రెండుసార్లు పోయింది, కాబట్టి గ.సా.భా 125, కాబట్టి ఒక్క దెబ్బకే 3/8. రెండువేల మూడొందల ఏళ్ల నాటి ఈ పద్ధతికి వంక పెట్టడానికేమీ లేదు, వినడానికి మనవడు సిద్ధంగా లేకపోవడం తప్ప.

ఎనభై దాటిన మేనత్త అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ ఇదంతా వింటుంది.

"ఏట్రా అల్లుడా, గుంటడు అంతసేపు దేనికి కొట్టుకుంతన్నాడు?"

"సున్నా పాయింటు మూడు ఏడు అయిదును భిన్నంగా మార్చాలట అత్తా."

"రూపాయిలోనా?"

"రూపాయే అనుకో."

"ఆరణాలు గదేట్రా!"

వ్యాసకర్త కాగితం మీద వేసి చూశాడు. రూపాయికి పదహారణాలు. ఆరణాలంటే 6/16. రెండుతో కొడితే 3/8. ముసలావిడ చింతపిక్క చేతిలోంచి జారకుండానే లెక్క తేల్చేసింది. సరదా కొద్దీ అడిగితే మిగతావీ వచ్చాయి. 0.125 బేడ. 0.625 పదణాలు. 0.875 పద్నాలుగణాలు. 0.0625 దగ్గర మనవడు "తప్పు టైపు చేశావు మావయ్యా, ఇన్ని అంకెలుంటాయా" అని అనుమానపడుతుండగానే అత్త "అణా" అనేసింది. తాతగారి చిల్లర కొట్టులో చిన్నప్పుడు గల్లాపెట్టె పక్కన కూర్చున్న చదువది. ఆవిడ తడబడింది ఒక్కచోటే. సున్నా పాయింటు ఒకటి ఎంత అని అడిగితే, వేళ్లు మడిచి, విప్పి, "అణాన్నర మీద ఇంకా కొసరు ఏదో వత్తంది. అది మన లెక్క కాదురా, గవుర్మెంటోల్ల లెక్క" అంది.

అత్త మాట అక్షరాలా నిజం. అది ప్రభుత్వం వారి లెక్కే. దానికి తేదీ కూడా ఉంది: 1957 ఏప్రిల్ 1. ఆంధ్రప్రదేశ్ పుట్టి అప్పటికి అయిదు నెలలు. దేశంలో రూపాయిని పదహారు అణాలుగా, అణాను నాలుగు కాణీలుగా కాక, ఏకంగా నూరు నయా పైసలుగా విడగొట్టారు. ఇంత పెద్ద మార్పుకి ఏప్రిల్ ఒకటో తేదీని ఎంచుకోవడం ఆర్థిక సంవత్సరం కోసమేనని అందరికీ తెలుసు. అయినా ఆ రోజు అణా పట్టుకుని కొట్టుకెళ్లినవాడికి మాత్రం వేళాకోళంగానే తోచి ఉంటుంది. ఎందుకంటే అణా అంటే ఆరుంపావు పైసలు. పావు పైసా నాణెం లేదు. మరేం చేయాలి? చట్టం ఒక దారి చూపింది. దగ్గరలో ఉన్న పైసాకు సర్దాలి, సరిగ్గా అర వస్తే కింది పైసాకు దించాలి. ఆ లెక్కన అణాకి ఆరు పైసలు, రెండణాలకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, పావలాకి పాతిక.

ఇప్పుడు అసలు వినోదం. మూడు అణాల సరుకుని అణా చొప్పున మూడుసార్లు కొంటే పద్దెనిమిది పైసలు, ఒకేసారి కొంటే పంతొమ్మిది. తెలివైనవాడు మూడుసార్లు కొట్టుకి తిరగాలి. కాణీ దగ్గర కథ తిరగబడుతుంది. కాణీ అంటే రూపాయిలో అరవైనాలుగో వంతు, దశాంశంలో 1.5625 పైసలు. దగ్గరి పైసాకి సర్దితే రెండు. అంటే నాలుగు కాణీల బెల్లం విడివిడిగా కొంటే ఎనిమిది పైసలు, ఒకేసారి అణా బెల్లం కొంటే ఆరు. తెలివైనవాడు ఈసారి ఒకేసారి కొనాలి. ఇంకా ముందుకెళ్తే, రూపాయి సరుకుని అణా చొప్పున పదహారుసార్లు కొన్నవాడు 96 పైసలిస్తాడు, కాణీ చొప్పున అరవైనాలుగుసార్లు కొన్నవాడు రూపాయి ఇరవై ఎనిమిది పైసలిస్తాడు. ఒకే సరుకు, ఒకే కొట్టు. మధ్యలో జరిగిందల్లా భిన్నాన్ని దశాంశంలోకి మార్చేటప్పుడు కొసలు కత్తిరించడం. ఎప్పుడూ కాణీ చొప్పున కొనేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. 1964 జూన్ 1న పైసా ముందున్న 'నయా' ఊడిపోయింది గానీ, అణాల మాటలు నోళ్లలోంచి ఊడలేదు. ఇవాళ్టికీ పదహారణాల తెలుగింటి ఆడపడుచు అనే అంటారు. వంద శాతం తెలుగింటి ఆడపడుచు అంటే ఏదో నూనె ప్రకటనలా ఉంటుంది.

పావలాది మరీ విచిత్రమైన బతుకు. 2004 తర్వాత మహిళా సంఘాల అప్పులకు పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి మూడు శాతం. బ్యాంకు కాగితం మీద అది 0.25, సంఘం సమావేశంలో అది పావలా. ఆ రెండూ ఒకటేనని ఎవరూ ఎవరికీ పాఠం చెప్పలేదు. ఊళ్లో వడ్డీ ఎప్పుడూ భిన్నంలోనే నడుస్తుంది. నూటికి రెండు రూపాయలంటే నెలకు యాభయ్యో వంతు. ఏడాదికెంత అని బ్యాంకు మేనేజరు అడిగితే ఇరవై నాలుగు శాతమని, అప్పిచ్చినవాడు అడిగితే "నెలనెలా తెచ్చి పడెయ్, ఏడాది దాకా దేనికి" అని జవాబు. ఇలా పావలా రాష్ట్రమంతా మోగుతుండగానే, 2011 జూన్ 30తో పాతిక పైసల నాణెం చెల్లకుండా పోయింది. చేతిలో లేని పావలాతో మరికొన్నాళ్లు వడ్డీ కట్టారు. 2012 జనవరి నుంచి వడ్డీ లేని రుణాలొచ్చి ఆ పావలా కూడా పోయింది.

అయితే ఈ సగాలూ పావులూ డబ్బుకి మాత్రమే పట్టిన పిచ్చి కాదు. ధాన్యం దగ్గరా అంతే. కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల, సోలకు నాలుగు గిద్దలు. కూడి చూస్తే కుంచానికి పదహారు సోలలు, అరవైనాలుగు గిద్దలు. రూపాయికి పదహారణాలు, అరవైనాలుగు కాణీలు. ధాన్యం కొలిచినా డబ్బు లెక్కపెట్టినా మెట్లు అవే. ఒక ఊరి కుంచం పొట్టిది, పక్క ఊరి కుంచం బొజ్జది అయినా లోపలి భిన్నాలు మాత్రం ఎక్కడా చెదరవు. దంపుడు బియ్యంలో నాలుగో వంతు కూలి ఇవ్వాలంటే మానిక తీసి కుంచానికొకటి కొలిస్తే సరిపోయేది. సున్నా పాయింటు రెండు అయిదు అని ఏ రోకలీ అనలేదు.

ఇంతకీ వీటికి రాత కూడా ఉండేది. పాత తెలుగు లెక్కల్లో పావుకి ఒక నిలువు గీత, అరకి రెండు, ముప్పావుకి మూడు. వీసం అంటే పదహారో వంతు. దానికి ఒక అడ్డగీత. రెండు వీసాలకి రెండు అడ్డగీతలు, మూడింటికి మూడు. అరవైనాలుగో వంతు కాణీకి మళ్లీ నిలువు గీత. ఇలా నిలువు, అడ్డం, నిలువు, అడ్డం అంటూ నాలుగేసి రెట్లు దిగుతూ పోతారు. అంటే దశాంశంలో పది చేసే పని ఇందులో నాలుగు చేస్తుంది. మనవడి 0.375ను ఈ పద్ధతిలో రాయాలంటే పావు మీద రెండు వీసాలు: ఒక నిలువు గీత, పక్కనే రెండు అడ్డగీతలు. ౹౽ అంతే, ఎక్కాలతో కొట్టే పని లేదు. ఈ గుర్తులు దస్తావేజుల్లోనే ఉండిపోతాయనుకుంటే, 2008లో యూనికోడ్ 5.1లో తెలుగు అక్షరాల సరసన చోటు దొరికింది. కాలిఫోర్నియాలో రూపుదిద్దుకున్న ఫోన్లకి కూడా వీసం రాయడం తెలుసు. ఎవరూ అడగరు గనక అవీ చెప్పవు.

నిజానికి కంప్యూటరు మనసులో అత్త పక్షమే. దానికి సగాలు, సగాల్లో సగాలు తప్ప వేరే లెక్క రాదు. పావు, వీసం, కాణీ దానికి నిక్కచ్చిగా ఎక్కుతాయి. సున్నా పాయింటు ఒకటి మాత్రం అత్తకి పడ్డట్టే దానికీ కొసరు పడుతుంది, ఆ కొసరు ఎంతకీ తెగదు. అందుకే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది. డబ్బు లెక్కలు చేసే ప్రోగ్రాముల్లో చాలావాటిలో రూపాయలను ముందే పైసలుగా మార్చి పూర్ణాంకాలుగా దాచుకోవడం ఈ బాధ పడలేకే. కొసరు వస్తుందని వేళ్లు మడిచి చెప్పిన అత్తకి ఈ విషయం చెబితే, "మరి అంత కరీదెట్టి కొనడం దేనికి?" అంది.

ఇక పాయింటు సంగతి. బడిలో మనవడికి చెప్పిందేమిటంటే, పాయింటు తర్వాత మొదటి అంకె పదో వంతు, రెండోది నూరో వంతు. వాడు నమ్మాడు. సాయంత్రం టీవీలో క్రికెట్ పెట్టాడు. 19.3 ఓవర్లు అని పడింది. ఇంకెన్ని బంతులున్నాయని అడిగితే మూడు అని తడుముకోకుండా చెప్పాడు. అంటే వాడి లెక్కలో 0.3 అంటే 3/6, అనగా అర. అదే తెర మీద, ఆ అంకె పక్కనే, రన్ రేటు 8.5 అని ఉంది. అక్కడ పాయింటు అయిదంటే మళ్లీ నిజమైన అర. ఒకే చుక్క ఒకచోట ఆరో వంతులు చెబుతోంది, జానెడు దూరంలో పదో వంతులు చెబుతోంది. దేశంలో కోట్లాది మంది రాత్రిపూట ఈ రెండింటినీ కలిపి చదివి, కావలసిన రన్ రేటు కూడా కట్టి, తెల్లారి లెక్కల పరీక్షలో తప్పుతున్నారు.

చుక్కతో వచ్చే ప్రమాదం క్రికెట్ దగ్గర ఆగితే బాగుండును. పొలాల దగ్గరకొస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి. శ్రీకాకుళం జిల్లాలో ఎకరానికి నూరు సెంట్లు. 1.20 అంటే ఎకరా ఇరవై సెంట్లు, భిన్నంలో 6/5 ఎకరం. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. అక్కడ 1.20 అని రాస్తే ఎకరం ఇరవై గుంటలు, అనగా ఎకరన్నర. కోటబొమ్మాళి అబ్బాయికి సిద్దిపేట అమ్మాయి సంబంధం వచ్చి, పిల్ల పేర 1.20 ఉందని పెళ్లిళ్ల పేరయ్య వాట్సాప్‌లో పంపాడనుకోండి. కోటబొమ్మాళి వారు ఎకరా ఇరవై సెంట్లే కదా అని పెదవి విరుస్తారు. అసలు అక్కడున్నది దానికంటే ముప్పై సెంట్లు ఎక్కువ. సంబంధం తిరగబడితే ఇంకా కష్టం. కోటబొమ్మాళి పిల్లకి 1.20 అని విని సిద్దిపేట వారు ఎకరన్నర అని లెక్కేసుకుని, పీటల మీద సర్వేయరును పిలిపించాల్సి వస్తుంది. పాయింటు తర్వాత నలభైకి మించిన అంకె కనబడితే అది గుంటలు కాదని గుర్తుపట్టవచ్చు. ఇరవైలోనే చిక్కంతా.

చుక్క ఇంత మాయదారిదైతే, గీత మర్యాదస్తురాలని కాదు. భూమి పట్టా మీద సర్వే నంబరు 48/2 అని ఉంటే దాన్ని 24 చేయకూడదు. రైలు కిటికీలోంచి చూస్తే పట్టాల పక్కన విద్యుత్ స్తంభాల మీద అంకెలుంటాయి. 720/18 అని ఉందనుకోండి, అది 720వ కిలోమీటరులో పద్దెనిమిదో స్తంభం. కనిష్ఠ రూపంలో 40 అని రాసుకుని గ్యాంగ్‌మన్ బయల్దేరితే హౌరా పొలిమేరల్లో తేలతాడు. కనిష్ఠ రూపానికి తేగానే అర్థం మారని గీత ఏదో, మారే గీత ఏదో పాఠ్యపుస్తకం చెప్పదు. రెవెన్యూ వారు, రైల్వే వారు కూడా చెప్పరు. ఎవరి గీత వారిది.

ఇన్ని చిక్కులున్నా సగాలూ పావులూ ఉన్నంతసేపూ ఎవరికీ నష్టం లేదు. ధాన్యం కొనుగోలు కేంద్రంలోనే చూడండి. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 2,300 రూపాయలు. డెబ్బయ్యైదు కేజీల బస్తాకి ఎంతని అడిగితే 0.75తో గుణించేవాడికి కాగితం కావాలి. ముప్పావు అనుకున్నవాడు సగం పదకొండొందల యాభై, అందులో సగం అయిదొందల డెబ్బయ్యైదు, వెరసి పదిహేడొందల పాతిక అని గట్టు మీదే తేల్చేస్తాడు. రెండూ అయిదూ తప్ప వేరే ప్రధాన భాజకం లేని హారాలు దశాంశంలో ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాయి. పాఠ్యపుస్తకం వీటిని అంతమయ్యే దశాంశాలంటుంది. కాటా మీద, బస్తా మీద, అణాల్లో కనబడేవన్నీ ఈ జాతివే.

అసలు కొంప ముంచేది మూడు.

ఎకరం పొలం, అన్నదమ్ములు ముగ్గురు. ఒక్కొక్కరికి మూడో వంతు. ఇంతవరకూ తగువు లేదు. దస్తావేజు రాసేచోట మూడో వంతు అని ఊరుకోరు, విస్తీర్ణం సెంట్లలో కావాలంటారు. నూరుని మూడుతో భాగిస్తే ముప్పై మూడు, ఇంకా ఉంది, ఇంకా ఉంది, ఎంతకీ తెగదు. రాసేవాడు 0.33 దగ్గర కలం ఆపుతాడు. ముగ్గురివీ కూడితే 0.99. ఒక సెంటు ఎవరికీ చెందకుండా గాల్లో మిగిలిపోయింది. పోనీలే సెంటే కదా అనడానికి లేదు. సెంటంటే 48.4 చదరపు గజాలు. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పేదలకు ఇళ్ల స్థలాలిచ్చినప్పుడు పట్టణాల్లో ఇచ్చింది ఆ ఒక్క సెంటే, పల్లెల్లో ఒకటిన్నర. అంటే మూడు 1/3లకీ మూడు 33/100లకీ మధ్య ఒక కుటుంబం ఇల్లు కట్టుకుని కాపురం పెట్టేంత జాగా ఉంది. అన్నదమ్ములు ముగ్గురూ దాని మీద కాపురం పెట్టరు. కేసు పెడతారు.

బడిలో దీనికి మందుంది. 0.333... అని ఆగకుండా పోయేదాన్ని పదితో హెచ్చవేస్తే 3.333... వస్తుంది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే తోకలు రెండూ ఒకదాన్నొకటి మింగేసి సరిగ్గా మూడు మిగులుతుంది. అది అసలు సంఖ్యకు తొమ్మిది రెట్లు. కాబట్టి అసలు సంఖ్య 3/9, అనగా 1/3. రెండంకెలు తిరిగి తిరిగి వస్తుంటే కింద 99 వేయాలి. 0.272727... అంటే 27/99, తొమ్మిదితో కొడితే 3/11. గణితంలో ఇంతకంటే పొందికైన గారడీ తక్కువ. ఇదే గారడీ 0.999... మీద చేస్తే 9/9 వస్తుంది, అంటే ఒకటి. తొమ్మిదులు ఆగకుండా పోతే ఎకరం నిండుతుంది. దస్తావేజులో తొమ్మిదులు రెండు దగ్గరే ఆగిపోయాయి గనక సెంటు పోయింది. వకీలుకి ఈ వాదన నేర్పిస్తే ఫీజు ఇంకా పెంచుతాడు.

తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు ఇలాంటి పంపకాల్లో సిద్ధహస్తుడు. ఆయన గణితసార సంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భిన్నాల పుస్తకం తెలిగించినవాడి ఇంటిపేరులోనే పావు ఉండటం యాదృచ్ఛికమే గానీ బాగుంది. లవంలో ఒకటే ఉండే భిన్నాలను ఏరుకుని, కూడితే సరిగ్గా ఒకటి వచ్చేలా పేర్చడానికి మహావీరాచార్యుడు సూత్రం చెప్పాడు. ముగ్గురికైతే 1/2, 1/3, 1/6. నలుగురికైతే 1/2, 1/3, 1/9, 1/18. కూడి చూసుకోండి, ఎక్కడా సెంటు మిగలదు. కాకపోతే పెద్దోడికి సగం, నడిపోడికి మూడో వంతు, చిన్నోడికి ఆరో వంతు అని ఈ సూత్రాన్ని కోటబొమ్మాళిలో అమలు చేయబోయే పెద్దమనిషి, చిన్నోడి చేతికి అందనంత దూరంలో కూర్చోవడం మంచిది.

మూడు పెట్టే బాధ బంగారం దగ్గర కూడా తప్పలేదు. ఇరవై రెండు క్యారెట్లంటే ఇరవై నాలుగింట ఇరవై రెండు వంతులు, కనిష్ఠ రూపంలో 11/12. హారం పన్నెండులో మూడు దాక్కుని ఉంది గనక దశాంశం 0.91666... అని సాగుతుంది. హాల్‌మార్కు ముద్ర వేసేవాడికి అంత చోటు లేదు, 916 దగ్గర ఆపేశాడు. ఇప్పుడు 916/1000ను మనవడి చేత కనిష్ఠ రూపానికి తెప్పిస్తే 229/250 వస్తుంది. 229 ప్రధాన సంఖ్య, ఇక ఏ ఎక్కంతోనూ లొంగదు. పన్నెండింట పదకొండు వంతులని ఏ కంసాలైనా చెప్పగలిగే మాట, పాయింటు గుండా వెళ్లొచ్చేసరికి ఇలా గుర్తుపట్టలేని రూపంలో తిరిగొచ్చింది. తేడా 1/1500. పదిహేను వందల కాసుల నగ చేయించుకునే ఇంట్లో కాసు తేడా పడుతుంది. కోటబొమ్మాళిలో అలాంటి ఇల్లు వ్యాసకర్త ఎరుకలో లేదు.

పాయింటే నాగరికత, అణాలు పాతకాలం అనుకునేవారికి న్యూయార్క్ ముచ్చట ఒకటి చెప్పాలి. అక్కడి స్టాక్ ఎక్స్చేంజిలో షేర్ల ధరలు డాలరులో ఎనిమిదో వంతుల్లో పలికేవి. అనగా బేడలు. 1997లో దాన్ని సంస్కరించి పదహారో వంతులు చేశారు. అనగా అణాలు. 2001 జనవరిలో గానీ అన్ని షేర్లూ సెంట్లలోకి, అంటే మన నయా పైసల్లోకి, మారలేదు. ప్రపంచ పెట్టుబడికి రాజధాని మన తాతగారి చిల్లర కొట్టు లెక్కని కోటబొమ్మాళి కంటే నలభై నాలుగేళ్లు ఎక్కువ నడిపింది. షేర్లలో మానేసినా ఇళ్లల్లో మానలేదు. అమెరికాలో బల్లకి చెక్క కొన్నా, గోడకి మేకు కొట్టినా అంగుళంలో పదహారో వంతులే.

అత్తగారి పెద్ద మనవడు టెక్సాసులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఒక ఆదివారం కారు కింద దూరి, వీడియో కాల్ పెట్టాడు. పక్కన స్పానర్ల పెట్టె. వాటి మీద 1/2, 9/16, 5/8, 11/16, 3/4 అని చెక్కి ఉంది. 9/16 పెద్దదా 5/8 పెద్దదా అన్నది వాడి సమస్య. ఫోనులో వీడియో నడుస్తోంది గనక క్యాలిక్యులేటర్ తీయలేడు. 9/16 అంటే 0.5625, 5/8 అంటే 0.625 అని ఇక్కడ తమ్ముడు నోట్సులో భాగహారం చేసి చెప్పేలోగా అవతల కారు నూనె ముఖం మీద కారుతోంది. అత్త ఫోను దగ్గరికి లాక్కుంది.

"ఏటా పెట్టి? సదువు."

"వన్ బై టూ."

"ఎనిమిదణాలు."

"నైన్ బై సిక్స్టీన్."

"తొమ్మిదణాలు."

"ఫైవ్ బై ఎయిట్."

"పదణాలు. తరవాతది పదకొండణాలు, ఆ కొసది పన్నెండణాలు. వరసగానే ఉన్నాయి గదరా, ఇందులో బెంగేటి? తొమ్మిదణాలది తియ్యి బేగి."

తీశాడు. నట్టుకి పట్టినట్టే పట్టి జారిపోయింది. కారు జపానుది, నట్టు పద్నాలుగు మిల్లీమీటర్లది. తొమ్మిదణాల అంగుళం పద్నాలుగుంపావు మిల్లీమీటర్ల పైన కాస్త ఉంటుంది.